మోగని చాటింపు

పెగడపల్లి దిక్కు ఎర్రకుంటపల్లి అని ఒక ఊరుంది. ఆ ఊళ్లో మొగిలి డప్పు మోగిందంటే పొయ్యి మీద అన్నం మాడినా సరే, జనం వాకిట్లోకి రావాల్సిందే. పోలియో చుక్కలు వేసే రోజు, చెరువు తూము తెరిచే రోజు, కల్లు దుకాణం వేలం, తప్పిపోయిన బర్రె, ఊరికి తెలియాల్సిందేదైనా ఆయన నోటి మీదుగానే పోవాలి. మధ్యలో పంచాయతీవాళ్లు ఆటోకు మైకు కట్టి తిప్పి చూశారు. "మైకు ఒర్రుతది గని చెప్పది" అని మొగిలి ఒక్క ముక్కలో తేల్చేశాడు. నిజం చెప్పొద్దూ, ఆ మైకులో ఏం చెప్పారో ఊళ్లో ఒక్కరికీ గుర్తు లేదు.

మొగిలికి పొగరు ఉంది. ఎందుకుండకూడదు? ఆయన తండ్రి దొరల గడి ముందు నుంచి చెప్పులు చేతబట్టుకుని నడిచినవాడు. మొగిలి అదే గడి ముందు నుంచి చెప్పులు టపటపలాడించుకుంటూ నడుస్తాడు. పాత దొరల ఇంటి పెద్ద పురుషోత్తం రావును ఆయన "దొరా" అనడు, "రావు సారూ" అంటాడు. రావు కూడా ఇప్పుడు అందరిలాగే వ్యవసాయం చేసుకుంటూ, పెట్టుబడి కోసం బ్యాంకు చుట్టూ తిరిగే మనిషే కాబట్టి ఆ పిలుపుకు అలవాటు పడ్డాడు. డప్పుకు పిలిస్తే మొగిలి కూలి ముందే మాట్లాడుకుంటాడు. పిలిచినట్టు పిలిస్తేనే వస్తాడు. డప్పు మీద ఎవరైనా ఊరికే వేళ్లతో కొట్టి చూశారా, ఇక అంతే సంగతులు.

కొడుకు సుదర్శన్‌కు మాత్రం ఈ పని నచ్చేది కాదు. అతను సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేస్తాడు. ఊరికి వచ్చినప్పుడల్లా, "నాయినా, ఇంకెన్నొద్దులు గా డప్పు? నలుగురిల నామోషీ అయితాంది" అనేవాడు. మొగిలి కోప్పడేవాడు కాదు. "నువ్వు బట్ట నేస్తవు, నేను మాట మోస్తా. ఏది తక్కువరా?" అని అడిగేవాడు. సుదర్శన్ ఒప్పుకునేవాడు కాదు, తర్వాతి బస్సుకే సిరిసిల్ల పోయేవాడు.

మొగిలికీ భార్య సత్తవ్వకూ ఊరి పడమట ఎకరం భూమి ఉంది. సర్కారు ఇచ్చిన భూమి. ఇచ్చిననాడు అది రాళ్లూ తుమ్మ చెట్లూ తప్ప మరేమీ కాదు. మొగుడూ పెళ్లాం ఎండాకాలాలన్నీ అక్కడే కరిగించి బావి తవ్వారు. ఆయన గడ్డపార వేస్తే ఆమె తట్ట ఎత్తింది. ఇవాళ అక్కడ పసుపు పండుతోంది. పసుపంటే మాటలా, నెలల తరబడి తడి ఆరకుండా చూసుకోవాల్సిన పంట. అయినా సర్కారు కాగితంలో అది ఇంకా ఖుష్కి భూమే, అంటే వానదేవుడి దయ మీద బతికే చెల్క. బావి ఉన్న సంగతి ఆ కాగితానికి తెలియదు.

ఆ ఎకరం మీదుగా, పక్కనున్న జలపతి పొలం మీదుగా, రావు మామిడి తోటలో సగం మీదుగా సర్కారువాళ్లు కొత్త కాలువకు గీత గీశారు. కాలువ వద్దని ఊళ్లో ఎవరూ అనలేదు. నీళ్లొస్తానంటే వద్దనే రైతు ఎక్కడుంటాడు? కానీ పరిహారం నోటీసులు చేతికొచ్చాక ఊరు గుండె గుభేలుమంది. అందరి భూమికీ చెల్క ధరే కట్టారు. మొగిలి బావి లేదు, జలపతి బోరు లేదు, రావు మామిడి చెట్లు కూడా లెక్కలో లేవు. పైగా మొగిలిది సర్కారు ఇచ్చిన భూమి కాబట్టి ఇంకా కోత పెట్టారు.

అందరూ కలిసి ఆఫీసుకు పోయారు. "మీ అభ్యంతరాలకు గడువు ఎప్పుడో అయిపోయింది" అని అక్కడి మనిషి తాపీగా చెప్పాడు. "అరవై రోజుల్లో రాసివ్వాలె. మీ ఊర్ల డప్పు కొట్టి చాటింపు చేసినం గదా. పంచనామా ఉన్నది." తేదీ కూడా చూపించాడు.

బయటికి రాగానే అందరి కళ్లూ మొగిలి మీద పడ్డాయి. డప్పు అంటే ఊళ్లో మొగిలే కదా. జలపతి మొదట నోరు విప్పాడు.

"ఏంది మొగిలీ, చాటింపు జేసిన్నని చెప్పి పైసలు తీసుకున్నవా? మాకు ఒక్క మాట చెప్పకపోతివి."

"నేను చాటితే నీకు ఇనబడకుంటదా? నీ చెవులు పొయినయా, నా నోరు పొయిందా?"

"మరి వాళ్లు రాసుకున్న డప్పు ఎవలు కొట్టిన్రు?"

బస్సులో ఎవరూ ఆయన పక్కన కూర్చోలేదు. ఆయన భూమి కూడా పోతోందన్న సంగతి ఆ కోపంలో ఎవరికీ గుర్తు రాలేదు. ఊరందరికీ మాట మోసిన మనిషి, ఆ రోజు తన మాట మోసేవాడు లేక ఒంటరివాడయ్యాడు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని చెయ్యి కడిగేసుకున్నాడు. భూమి పోతే పోనీ, ఊరికి చెప్పాల్సిన మాట తిన్నాడన్న పేరు మాత్రం ఆయన మింగలేకపోయాడు.

"గా తేదీ ఎప్పుడన్నరు?" అని సత్తవ్వ అడిగింది. ఆయన చెప్పాడు. ఆమె వేళ్ల మీద రోజులు లెక్కపెట్టింది. "ఓ సుదర్శన్ వాళ్ల నాయినా, గా దినం దొరసానమ్మ పొయిన దినం గాదు?"

అప్పుడు వెలిగింది మొగిలికి. ఆ రోజు పురుషోత్తం రావు తల్లి చనిపోయింది. రావు స్వయంగా గడప దాకా వచ్చి "అమ్మను సాగనంపాలె మొగిలీ, నువ్వే రావాలె" అని అడిగాడు. పిలిచినట్టు పిలిచాడు కాబట్టి మొగిలి పొద్దున్నుంచి సాయంత్రం దాకా సావు డప్పు కొట్టాడు. ఆ పొద్దున ఫోను మోగిన సంగతి కూడా ఇప్పుడే గుర్తొచ్చింది. దేవేందర్ అని, కాలువ ఆఫీసులో కొత్తగా చేరిన కుర్ర ఉద్యోగి చేశాడు.

"మొగిలన్నా, ఇయ్యాల ఊర్ల డప్పు కొడుతున్నవా?"

"కొడుతున్న సారు. పొద్దుగూకేదాక ఇదే పని."

"ఊరంత తిరుగుతున్నవు గదా?"

"ఊరంత తిరిగి వాగు దాక పోవుడే సారు."

దేవేందర్ జగిత్యాల పట్నం పిల్లవాడు. చాటింపు సంగతి పంచాయతీవాళ్లు ముందే మొగిలికి చెప్పి ఉంటారనుకున్నాడు. చెప్పాల్సినవాళ్లు చెప్పలేదు. అతను ఊరికొచ్చాడు, పంచాయతీ గోడకు కాగితం అతికించాడు, దూరాన డప్పు మోగుతుంటే విన్నాడు, చాటింపు జరిగిందని రాసుకుని బండెక్కాడు. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నట్టయింది. గోడ మీది కాగితాన్ని మేక తిన్నదో, గాలి తిన్నదో దేవుడికే తెలియాలి. ఊరు ఊరంతా శవం వెనక వాగు దగ్గర ఉంది.

మర్నాడు మొగిలి రావు ఇంటికి వెళ్లి ఈ సంగతి చెప్పాడు. రావు కుర్చీలోంచి లేచాడు. అటునుంచి అటే ఇద్దరూ జలపతిని వెంటబెట్టుకుని కోరుట్లలో వకీలు అనురాధ దగ్గరికి పోయారు. చిన్న వయసే గాని గట్టి పిల్ల. మొత్తం విన్నది.

"కాకా, చట్టం మీ దిక్కే ఉన్నది" అంది మొగిలితో. "సర్కారుకు భూమి కావాలంటే తీసుకోవచ్చు. గని తీసుకునే ముందు ఊరికి ఎరుక చెయ్యాలె. బావులు, చెట్లు, బోర్లు లెక్క గట్టాలె. కట్టిన ధర మీద ఇంకంత కలిపి ఇయ్యాలె. సర్కారు ఇచ్చిన భూమని నీకు తక్కువ గట్టుడు కూడ నడువది. గియన్ని అడిగే హక్కు నీది. గా హక్కు నీకున్నదని చెప్పేదే చాటింపు. అదే కాలేదని రుజువైతే గడువు మళ్ల మొదటికొస్తది."

"రుజువు ఎట్ల బిడ్డా?"

"మోగలేదని రుజువు చేసుడే కష్టం కాకా. వాళ్ల దగ్గర కాగితం ఉన్నది. మన దగ్గర నోరే ఉన్నది."

"నా నోరు చాలు" అన్నాడు మొగిలి. పొగరని చెప్పాను కదా.

హైకోర్టు దాకా పోయి వస్తే, ఊరివాళ్ల మాట విని తేల్చమని ఒక పెద్ద అధికారిణికి ఆదేశం వచ్చింది. విచారణ జగిత్యాలలో పెట్టారు. అనురాధ మొగిలికి ఫోను చేసి డప్పు వెంట తెమ్మని చెప్పింది. సుదర్శన్ కూడా సిరిసిల్ల నుంచి బస్సులో వచ్చాడు. తండ్రిని దొంగ అన్నారని విన్నాక అతనికి నామోషీ పోయి రోషం వచ్చింది.

విచారణ మొదలైంది. అధికారిణి మేడం బల్ల వెనక కూర్చుంది. కాలువ ఆఫీసు తరఫు వకీలు చాలా తెలివైనవాడు, సూటిగా ఒకే ప్రశ్న పట్టుకున్నాడు. జలపతిని పిలిచి అడిగాడు.

"ఆ రోజు ఊర్ల డప్పు విన్నవా లేదా? అవునంటవా, కాదంటవా?"

"ఇన్న సారు."

"చాలు."

అడిగినదానికే జవాబు చెప్పడం మనవాళ్ల మంచితనం, అదే మనవాళ్ల కొంప ముంచుతుంది. ఒకరి తర్వాత ఒకరు వచ్చి, విన్నం సారు, విన్నం సారు అని నిజమే చెప్పి కూర్చున్నారు. పురుషోత్తం రావు ఒక్కడే "అది మా అమ్మ సావు డప్పు" అన్నాడు. వకీలు తల ఊపాడు. "కావొచ్చు సార్. మీ అమ్మగారి కోసమూ కొట్టి ఉంటాడు, చాటింపుకూ కొట్టి ఉంటాడు. రోజంతా ఊరు తిరుగుతున్ననని డప్పు మనిషే ఫోన్లో చెప్పిండు. డప్పు డప్పే కదా."

అనురాధ వెనక్కి తిరిగి మొగిలి డప్పు వైపు చూసింది. ఊరివాళ్లు తలలు దించుకున్నారు. అప్పుడు వెనక బెంచీ నుంచి మొగిలి లేచాడు.

"మేడం, ఒక మాట. డప్పు డప్పే అన్నడు సారు. ఆయనింట్ల పెండ్లికి సావు దరువు కొట్టమంటె ఊకుంటడా?"

గదిలో నవ్వులు వినిపించాయి. మేడం నవ్వలేదు గాని పెన్ను కింద పెట్టింది.

"తేడా ఏంటో చెప్పగలరా?"

"చెప్పుడు ఎందుకు మేడం, ఇనుండ్రి. గని గీడ కాదు. డప్పుకు సెగ చూపియ్యాలె, బయటికి పోవాలె."

మేడం లేచి వరండాలోకి వచ్చింది. ఆవరణ గేటు పక్కన చాయ బండి ఉంది. సుదర్శన్ పాత పేపర్లూ ఎండుటాకులూ పోగేసి మంట పెట్టాడు. మొగిలి డప్పును మంట చుట్టూ తిప్పుతూ, చెవి దగ్గర పెట్టి వింటూ, మళ్లీ తిప్పాడు. తోలు బిగిసింది. ఎడమ చేతిలో చిటికెన పుల్ల, కుడి చేతిలో సిర్ర కట్టె పట్టుకుని నిలబడ్డాడు. నామోషీ అన్న కొడుకే పక్కన మంటను కాలితో ఆర్పుతుంటే తండ్రి ఛాతీ పొంగింది. దాచుకోలేదు కూడా.

మొదట సావు దరువు ఎత్తుకున్నాడు. బరువుగా, నడుస్తున్నట్టుగా, ఎక్కడా ఆగకుండా మోగింది. గేటు బయట కూరగాయల గంప దించుకుంటున్న ముసలమ్మ ఆగిపోయి కొంగు తల మీదికి లాక్కుంది. స్కూటరు మీద పోతున్న మనిషి కాలు కింద ఆనించి, చాయ బండివాణ్ని "ఎవలు పోయిన్రే?" అని అడిగాడు. ఆ మాట వరండా దాకా వినబడింది. మేడం కూడా విన్నది.

మొగిలి ఆగి, ఊపిరి తీసుకుని చాటింపు దరువు కొట్టాడు. గబగబా నాలుగు దెబ్బలు వేసి టక్కున ఆపేశాడు. మళ్లీ కొట్టాడు, మళ్లీ ఆపాడు. ఆపిన చోటల్లా మౌనం పడింది. ఆఫీసు గదుల్లోంచి గుమస్తాలు తలలు బయటపెట్టారు. చాయ తాగేవాళ్లు గ్లాసులు పట్టుకుని దగ్గరికొచ్చారు. ఇందాక కొంగు కప్పుకున్న ముసలమ్మ కొంగు తీసేసి, "ఏందట?" అంటూ చెవి ఇటు పెట్టింది.

"జూసిన్రా మేడం" అన్నాడు మొగిలి. "చాటింపు దరువు ఆగుతది. ఆగితేనే నోరు లేస్తది. సావు దరువు ఆగది, ఎందుకంటె అప్పుడు చెప్పేందుకు ఏం ఉండది. పీనుగు ఊర్ల ఉండంగ చాటింపు కొట్టరాదు, మా తాతల కాడికెళ్లి గదే కట్టుబాటు. ఆ పిలగాన్ని అడుగుండ్రి, ఆయన ఏది ఇన్నడో."

దేవేందర్ వరండా స్తంభం పక్కన నిలబడి ఉన్నాడు. కాలువ ఆఫీసు వకీలు అతని వైపు చూసిన చూపు ఎలాంటిదో చెప్పనక్కర్లేదు. కొత్త ఉద్యోగం, పర్మినెంటు కూడా కాలేదు. మొగిలికి ఆ సంగతి తెలుసు. అందుకే గొంతు తగ్గించి చెప్పాడు.

"నిన్ను నేను తప్పు పడుతలేను బిడ్డా. నువ్వు అడిగింది నాకు సమజ్ కాలే, నేను చెప్పింది నీకు సమజ్ కాలే. ఇన్నది ఇన్నట్టు చెప్పు, గంతే."

దేవేందర్ స్తంభం వదిలి ముందుకొచ్చాడు. ఊరివాళ్లంతా అతని నోటి వైపే చూస్తున్నారు. వాళ్ల పొలాలు, బోర్లు, మామిడి చెట్లు, మొగిలి పరువు అన్నీ ఆ కుర్రవాడి నాలుక మీద ఉన్నాయి.

"మొదటిది మేడం" అన్నాడు దేవేందర్. "నేను ఊర్ల ఉన్నంతసేపు డప్పు ఆగలేదు. మాట ఒక్కటి కూడా వినలేదు. నాకు తేడా తెలువక చాటింపే అనుకున్న."

ఆఫీసు వకీలు ఫైలు మూశాడు. పురుషోత్తం రావు మెట్లు దిగి వచ్చి మొగిలి భుజం మీద చెయ్యి వేశాడు. నలుగురు చూస్తుండగా గడి మనిషి మొగిలి ఇంటి మనిషి భుజం మీద చెయ్యి వేయడం ఎర్రకుంటపల్లి చరిత్రలో అదే మొదలు కావచ్చు. మొగిలి దానికి మురిసిపోలేదు. అలా ఉండాల్సిందే అన్నట్టు నిలబడ్డాడు. జలపతికి మాత్రం దగ్గరికి రావడానికి కాస్త సేపు పట్టింది. వచ్చి, "నోరు జారిన మొగిలీ" అన్నాడు. "జారింది గని ఇరగలేదు, పో" అన్నాడు మొగిలి.

చాటింపు జరగలేదని మేడం తేల్చింది. అభ్యంతరాల గడువు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుందనీ, ఈసారి ఊరందరికీ వినబడేలా చాటించి, పంచాయతీలో కూర్చుని ఒక్కొక్కరి మాట రాసుకోవాలనీ ఆదేశం ఇచ్చింది.

చాటింపు రోజున దేవేందర్ పొద్దున్నే వచ్చాడు. అతని ఉద్యోగం పోలేదు, మందలింపుతో సరిపెట్టారు. ఈసారి ఫోన్లో అడగలేదు. మొగిలి ఇంటికి వచ్చి, ఎదురుగా కూర్చుని, ఏం చెప్పాలో చదివి వినిపించాడు. ఎవరెవరి భూమి పోతోందో పేర్లు కూడా చదివాడు. మొగిలి రెండుసార్లు విని తలకెక్కించుకున్నాడు.

మొదటి దరువు గడి ముందు పడింది. రావు బయటికి వచ్చి మెట్ల మీద నిలబడి విన్నాడు. తర్వాత బజారు, తర్వాత కాపుల వాడ. చివరికి తన వాడకే వచ్చాడు. సత్తవ్వ వాకిట్లో నిలబడి ఉంది. మొగిలి డప్పు కొట్టి ఆపాడు.

"ఇనుండ్రయ్యో ఇనుండ్రి. ఊరందరికి ఎరుక చేసుడేందంటే, కాలువకు భూమి పోయేటోళ్లంత పంచాయతీల అభ్యంతరాలు రాపియ్యాలె. బావున్నోళ్లు బావి చెప్పుండ్రి, చెట్లున్నోళ్లు చెట్లు చెప్పుండ్రి. ఇది మీ హక్కు, ఎవ్వలు ఇచ్చేది గాదు. భూమి పోయేది పురుషోత్తం రావు సారుది, జలపతిది..."

అక్కడ ఆయన సత్తవ్వ వైపు చూశాడు. జీవితమంతా ఊరివాళ్ల పేర్లు చాటాడు, తన పేరు ఎన్నడూ చాటుకోలేదు. చాటింపులో చెప్పుకోవడానికి ఆ ఇంట్లో అంతకు ముందు ఎవరికీ భూమి లేదు. డప్పును మరోసారి గట్టిగా కొట్టాడు. వాడ చివరి ఇంటి దాకా వినబడేలా గొంతెత్తాడు.

"కనుకుంట్ల మొగిలి, సత్తవ్వలది. ఎకరం. బావితోని."

సత్తవ్వ కళ్లు తుడుచుకోలేదు. కొంగు నడుముకు చెక్కుకుని వాకిలి దిగింది. "ఇగ నడువు" అంది ఆయనతో. "ముందుగాల మనదే రాపిద్దాం."